ఆకలి లేనివారి భోజనము



తిండిని గూర్చి మన ప్రసంగములలో సాధారణముగా రెండు మాటలే వినబడును. మొదటిది, తిండిపోతుతనము కూడదని. రెండవది, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలెనని. ఈ రెండును సత్యములే. అయితే ఆకలియే లేనివారు తినవలసి వచ్చినయెడల వారికేమి చెప్పుదుము? తినబుద్ధి పుట్టని నోటికి ముద్ద అందించుకొనుట కూడ ఒక ధర్మమగునా? ఈ ప్రశ్న మాకు మా సంఘములోనే ఎదురైనది. దానికి మేము మొదట తప్పు జవాబు చెప్పితిమి గనుక, ఆ సంగతి దాచక వ్రాయుచున్నాము.

మా సంఘములో నడివయస్సుగల ఒక సహోదరి కలదు. ఆమె అనేక సంవత్సరములు అధిక బరువుతోను, చక్కెర వ్యాధితోను, మోకాళ్ల నొప్పులతోను బాధపడెను. మందిరపు మెట్లు ఎక్కుటకే ఆయాసపడెడిది. కుమారుడు అప్పు చేసి, పట్టణములోని ఆసుపత్రిలో ఆమెకు బరువు తగ్గుటకై కడుపు ఆపరేషను చేయించెను. ఆరు నెలలలో ఆమె బాగుగా చిక్కెను. చక్కెర అదుపులోనికి వచ్చెను. మేమందరము స్తోత్రములు చెల్లించితిమి. ప్రేమవిందులో ఆమె రెండు మూడు ముద్దలతో చేయి కడుగుకొనుట చూచి, ఈమె నోటిని జయించినదని మెచ్చుకొంటిమి. శ్రమకాలములో శుక్రవారపు ఉపవాస ప్రార్థనలకు ఆమె తప్పక వచ్చి, పగలంతయు ఏమియు ముట్టకుండ కూర్చుండెడిది. ఆకలి లేనివారికి ఉపవాసము కష్టమా? మేము దానిని గొప్ప భక్తి అని యెంచితిమి.

నాలుగవ శుక్రవారమున ప్రార్థన ముగిసి లేచునప్పుడు ఆమె తూలి పడెను. పట్టి లేపిన స్త్రీలు ఆమె జబ్బలలో కండ ఎంత తగ్గిపోయినదో అప్పుడు గ్రహించిరి. బిందె ఎత్తలేకపోవుచున్నదట, తలవెంట్రుకలు దువ్వెన నిండ వచ్చుచున్నవట. ఏడ్చుచు ఆమె ఇట్లనెను: "అయ్యగారూ, నాకు ఆకలి అనేదే తెలియటం లేదండి. తిందామంటే నాలుగు ముద్దలకే గుండెల మీద రాయి పెట్టినట్టుంటుంది. తినకపోతే అందరూ మంచిదంటున్నారు. నన్నేం చేయమంటారండీ?"

మాయొద్ద జవాబు లేకపోయెను. ఆసుపత్రివారు ఇచ్చిన భోజన నియమముల కాగితము ఆమె ఇంటిలో పెట్టె అడుగున ఉండెను. అది ఇంగ్లీషులో ఉండుటచేత ఎవరును చదివి చెప్పలేదు. మరునాడు ఆమెను తీసికొనిపోగా, అక్కడి ఆహార నిపుణురాలు నెమ్మదిగా అన్నియు వివరించెను. తక్కిన సంఘములవారికిని ఉపయోగపడునని దాని సారాంశము ఇచ్చట చెప్పుచున్నాము.

ఈ చికిత్స నిన్న మొన్నటి వింత కాదు. అమెరికా దేశమున అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు 1966లోనే కడుపును చిన్నదిగా చేసి ప్రేగునకు కలుపు పద్ధతిని ఆరంభించిరి. నేడు ఎక్కువగా చేయుచున్న మరియొక పద్ధతిలో కడుపులో నాలుగింట మూడు వంతులు, లేక అంతకు కొంచెము ఎక్కువగానే, కోసి తీసివేయుదురు. మిగిలినది సన్నని గొట్టమువలె ఉండును. మా సహోదరికి జరిగినది ఇదియే.

కడుపు పైభాగములో గ్రెలిన్ అను పదార్థము పుట్టును. అది రక్తములో కలిసి, ఆకలి వార్తను మెదడునకు మోసికొనిపోవును. దానిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆపరేషనులో తీసివేయు భాగమే అది ఎక్కువగా పుట్టు చోటు. కాబట్టి ఆమెకు ఆకలి మందగించుట నోటిని జయించుట కాదు, భక్తియు కాదు. వార్త తెచ్చువాడు రాకపోవుటయే.

వార్త రాకపోయినను శరీరము యొక్క అవసరము ఆగదు. ముఖ్యముగా మాంసకృత్తులు, అనగా ప్రోటీన్లు, ప్రతి దినము కావలెను. ఈ ప్రోటీన్ అను పేరు ప్రథమమైనది అను అర్థముగల గ్రీకు మాటనుండి 1838లో పుట్టినది. శరీరము క్రొవ్వును నిలువ చేసికొనును గాని, మాంసకృత్తులకు అట్టి కొట్టుగది లేదు. అవి తిండిలో చాలినంత రానప్పుడు తన కండనే కరిగించి తీసికొనును. వంటచెరకు లేక ఇంటి దూలమునే నరికి పొయ్యిలో పెట్టినట్లుండును. బరువు తగ్గుచున్నదని మనము సంతోషించుచుండగా లోపల దూలములు తగ్గుచున్నవి. త్వరగా బరువు తగ్గినవారికి కొన్ని నెలలు వెంట్రుకలు ఊడుట సాధారణమే గాని, మాంసకృత్తుల కొరత దానిని మరింత చేయును.

ఈ చికిత్స పొందినవారికి దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. కొందరికి 80 గ్రాములు, లేక అంతకు మించి. ఇది కొంచెమే గదా అనుకొనకుడి. లెక్క చూడుడి. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములున్నవి. చిన్న గ్లాసెడు పాలలోను అంతే. వండిన కోడిమాంసము 50 గ్రాములలో 13. చిన్న గిన్నెడు గట్టి పప్పులో 5. చిన్న గిన్నెడు పెరుగులో 3 లేక 4. ఉదయమొకటి, రాత్రియొకటి రెండు గ్రుడ్లు వేసికొని, ఇవన్నియు ఒక్క దినములో తిన్నను 40 గ్రాములు మాత్రమే. అన్నముతో కడుపు నింపుకొన్నచో ఇవి పట్టుటకు చోటే మిగలదు. అందుకే మొదట గ్రుడ్డు, మాంసము, చేప, పప్పు తిని, చోటున్నయెడల తరువాత అన్నము తినవలెను. మెత్తగా నమలవలెను. భోజనముతో నీళ్లు త్రాగక, అరగంట పోయిన తరువాత గుక్కెడు గుక్కెడుగా త్రాగవలెను. ఆకలికై కనిపెట్టక గడియారము చూచి ఐదారు మారులు తినవలెను. అప్పటికిని చాలనప్పుడు డాక్టరు చెప్పిన మాంసకృత్తుల పొడి పాలలో కలుపుకొనవలెను. విటమిను మాత్రలు జీవితాంతము మానరాదు. మాటిమాటికి వాంతులైనచో ఇంటివైద్యముతో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మూత్రపిండముల వ్యాధిగలవారి లెక్క వేరు. వారు తమ డాక్టరును అడుగవలెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. మనము ఆకలిని ఎల్లప్పుడు శత్రువుగానే బోధించితిమి. అది హద్దు మీరినప్పుడు శత్రువే. అయితే అది మనకు ఇయ్యబడిన నమ్మకమైన పనివాడు కూడనని ఈ సహోదరివలన నేర్చుకొంటిమి. తల్లి పిలువకముందే బిడ్డను పొయ్యియొద్దకు తెచ్చునది ఆకలియే. ఆ పనివాడు లేనప్పుడు వాని పని ఎవరు చేయవలెను? మనస్సాక్షి చేయవలెను. మనము ఇష్టముతో చేయుదానిని ఆమె బాధ్యతతో చేయవలెను. మనకు భోజనము సుఖము, ఆమెకది సేద్యము. ఇష్టములేని మేలైన పనిని ప్రతిదినము చేయుట లోబడుటయైనచో, ఆమె ముద్దయు లోబడుటయే.

ఏలీయా బదరీచెట్టు క్రింద చావు కోరి పండుకొన్న సంగతి మనమెరుగుదుము. దేవదూత ఆయనను గద్దించలేదు, ప్రసంగము చేయలేదు. లేపి, తినుమని చెప్పెను. ఆయన కొంచెము తిని మరల పండుకొనగా, దూత రెండవమారు వచ్చి లేపెను. ప్రయాణము ఎక్కువ దూరమని ఎరిగియుండెను గనుక ఒక్కమారుతో విడువలేదు. బలహీనునికి భోజనము ఒక్కమారు చూపి పోవుట చాలదు. మరల వచ్చి లేపువారు కావలెను.

ఇది తిండి మితిమీరి తెచ్చుకొన్న రోగమే గదా, ఫలమును అనుభవించనిండు అని మాలో ఒక పెద్ద అనెను. ఆ మాటకు మేము నిలిచి ఆలోచించితిమి. అధిక బరువునకు తిండి మాత్రమే కారణము కాదు. వంశము, కొన్ని మందులు, కొన్ని గ్రంథుల వ్యాధులు కూడ కారణములగును. పొరపాటు ఉండెననియే అనుకొందము. స్వస్థత పొందినవారిని మరల పాత నేరమునకు విచారణ చేయుట మన పనియా? యాయీరు కుమార్తెను లేపిన వెంటనే ప్రభువు ఆజ్ఞాపించినది ఆమెకు తినుటకు పెట్టుడనియే గదా. స్వస్థత తరువాత వంటయింటి పని మిగిలియున్నది.

వంటయింటి మాట వచ్చెను గనుక మరియొకటి చెప్పక తప్పదు. మన ఇండ్లలో స్త్రీలు చివరను తినుదురు. ఆదివారము కోడికూర వండిన దినమున ముక్కలు మగవారి పళ్లెములలోనికి పోవును. వండినదానికి పులుసు మిగులును. ఆకలిగల స్త్రీ అన్నముతో కడుపు నింపుకొని ఊరకుండును. మా సహోదరికి అదియు సాధ్యము కాదు. ఆమె కడుపులో నాలుగు ముద్దలకే చోటు. ఆ నాలుగును పులుసన్నమైనచో ఆమెకు ఏమియు దొరకనట్లే. ఆమె బలహీనత సగము ఆపరేషనువలన, సగము మన ఆచారమువలన కలిగెనని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. ఆ సాయంకాలము మాలో అనేకులము ఇంటికి పోయి, మన ఇంటి స్త్రీల పళ్లెములలో ఏమున్నదో మొదటిమారు చూచితిమి.

అరణ్యములో మన్నా కూర్చుకొన్నప్పుడు ఎవరి ఇంటికి తగినంత వారికి దొరికెను. ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు. అందరికి ఒకే గరిటె వడ్డించుట న్యాయమని మనమనుకొందుము. చాలినంత అనునది ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత. ఆమెకు అన్నము తక్కువ, గ్రుడ్డు ఎక్కువ. అదియే ఆమె పాలు. ప్రేమతోనైనను ఇంకొక ముద్ద అన్నమని, ఇంకొక మిఠాయి అని ఆమెను బలవంతపెట్టరాదు. తీపి తిన్నచో కొందరికి చెమటలు పట్టి, గుండెదడ కలిగి, కండ్లు తిరుగును.

ఇప్పుడు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని ఆమె ఇంటికి గ్రుడ్లు పంపుచున్నారు. అప్పు తీరని ఇంటికి పొడి డబ్బా కొనుట భారము గనుక, దానికి కొంత చందా కూర్చితిమి. కోడలు గోడమీద బొగ్గుతో పూట పూటకు గీతలు గీయుచున్నది. అన్ని దినములు 60 చేరుటలేదు. కొన్ని దినములు తిన్నది నిలువదు. కొన్ని దినములు గిన్నె చూచియే ఆమె కన్నీళ్లు పెట్టుకొనును. కాని బిందె మరల ఎత్తుచున్నది.

శుక్రవారపు ప్రార్థనకు ఆమె ఇప్పుడును వచ్చుచున్నది. ఒడిలో చిన్న స్టీలు డబ్బా ఉండును. మొదటి వారము దానిని తెరచుటకు సిగ్గుపడి కొంగు చాటున దాచుకొనెను. అయ్యగారు ప్రార్థన ఆపి, "అమ్మా, పదకొండు గంటలయినది, తినండి" అనిరి. మేమందరము ఉపవాసముండగా ఆమె మా మధ్య కూర్చుండి ఒక గ్రుడ్డును మెల్లగా, చిన్న చిన్న తునకలుగా తినెను. దానికి ఆమెకు అరగంట పట్టెను. ఆ దినమున మాలో ఎవరి ఉపవాసమును అంత కష్టమైనది కాదు.