చెరసాల తలుపులు తెరుచుకున్నాక

నేటి వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 16:16–40; ఫిలిప్పీయులకు 2:5–11

దేవుడు సర్వశక్తిమంతుడు అనగానే మనకు చీలిన ఎర్ర సముద్రం, కూలిన యెరికో గోడలు, ఒక్క మాటకు అణిగిపోయిన గలిలయ తుఫాను గుర్తొస్తాయి. అవన్నీ ఆయన కార్యాలే. అయితే ఆ శక్తి ఎలాంటిదో, ఆయన దాన్ని ఎవరి కోసం వాడతాడో తెలుసుకోవాలంటే ఫిలిప్పీ చెరసాలలో ఒక రాత్రి గడపాలి.

ఫిలిప్పీ మాసిదోనియలోని రోమా వలస పట్టణం. క్రీ.పూ. 42లో ఆ ఊరి దగ్గర జరిగిన యుద్ధం తర్వాత, సేవ ముగించుకున్న సైనికులకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. రోమా పౌరుడినని చెప్పుకోవడం ఆ ఊళ్లో గొప్ప గౌరవం. ఎవరి హోదా ఎంతో అందరికీ లెక్కే. అలాంటి చోట పౌలు, సీల దయ్యం పట్టిన ఒక దాసిని విడిపించారు. ఆ చిన్నదాని సోదె మీద డబ్బు గడిస్తున్న యజమానులు వాళ్లిద్దరినీ న్యాయాధిపతుల ముందుకు ఈడ్చుకుపోయారు. న్యాయాధిపతులు విచారణ అయినా లేకుండా బట్టలు లాగేయించి, బెత్తాలతో కొట్టించి, చెరసాలలో వేయించారు. చెరసాల నాయకుడు వాళ్లను లోపలి గదిలోకి తోసి కాళ్లకు బొండ బిగించాడు.

అర్ధరాత్రి భూకంపం వచ్చింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి, అందరి బంధకాలూ ఊడిపోయాయి. మనం చెప్పే సాక్ష్యాలు చాలావరకు ఇక్కడితో ముగుస్తాయి: దేవుడు తలుపు తెరిచాడు, మేం బయటపడ్డాం. పౌలు, సీల మాత్రం కదల్లేదు. ఖైదీలు పారిపోతే కాపలా ఉన్నవాడు ప్రాణంతో జవాబు చెప్పుకోవాల్సిన కాలం అది. అంతకుముందు పేతురు చెరసాలలో కనబడకపోయేసరికి హేరోదు కావలివాళ్లను చంపించాడు. ఈ నాయకుడు కూడా తెరిచి ఉన్న తలుపులు చూసి, అంతా అయిపోయిందనుకుని కత్తి దూసుకున్నాడు. అప్పుడు లోపలి నుంచి పౌలు బిగ్గరగా కేకవేశాడు. నీకు నువ్వు హాని చేసుకోవద్దు, అందరం ఇక్కడే ఉన్నాం అన్నది ఆ కేక సారాంశం.

భూకంపం ఆ మనిషిని చావు అంచు దాకా తీసుకెళ్లింది. వెనక్కి తెచ్చింది ఆ కేక. తన కాళ్లకు బొండ వేసినవాడు బతకాలని, వెళ్లిపోగలిగీ ఆగిన మనిషి గొంతు అది. ఆ రాత్రే నాయకుడు వాళ్ల గాయాలు కడిగాడు. ఇంటివాళ్లందరితో కలిసి బాప్తిస్మం పొందాడు. వాళ్లకు భోజనం పెట్టాడు.

కొన్నేళ్ల తర్వాత పౌలు మళ్లీ సంకెళ్లలో ఉండి, ఆ ఊరి సంఘానికే ఉత్తరం రాశాడు. రెండో అధ్యాయంలో క్రీస్తు గురించి చెప్పాడు. దేవునితో సమానుడై ఉండి కూడా ఆయన ఆ స్థానాన్ని పట్టుకుని వేలాడలేదు. తన్ను తాను రిక్తునిగా చేసుకుని, దాసుని స్వరూపం ధరించి, సిలువ మరణం దాకా తగ్గించుకున్నాడు. సిలువ దాసులకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. రోమా పౌరులకు సాధారణంగా వేసేవారు కాదు. హోదాయే ప్రాణంగా బతికే పట్టణంలో ఆ మాటలు చదవడానికే ధైర్యం కావాలి. చెరసాల నాయకుడి ఇంటివాళ్లు ఆ రోజు సభలో ఉండి ఉంటే, ఆ మాటలు వాళ్లకు కొత్తగా తోచి ఉండవు. అలాంటి మనసును వాళ్లు ఒక అర్ధరాత్రి కళ్లారా చూశారు.

యేసు ముందు కూడా తలుపు తెరిచే ఉంది. అడిగితే తండ్రి పన్నెండు సేనల కంటే ఎక్కువమంది దూతలను పంపుతాడని గెత్సేమనేలో ఆయనే చెప్పాడు. అడగలేదు. దేవుని కుమారుడివైతే సిలువ దిగి రమ్మని దారినపోయేవాళ్లు ఎగతాళి చేశారు. దిగలేదు. తన్ను తాను కాపాడుకోవడమే శక్తి అని వాళ్ల లెక్క. నిజం చెప్పుకుంటే మన లెక్క కూడా చాలాసార్లు అదే. యేసు తన శక్తిని కాసేపు పక్కనపెట్టి మనల్ని ప్రేమించలేదు. మన కోసం సిలువ మీద నిలిచిన ఆ ప్రేమే దేవుని శక్తి. తిరిగి లేచిన శరీరంలోనూ ఆయన మేకుల గుర్తులు దాచుకోలేదు, తోమాకు చూపించాడు. పునరుత్థాన మహిమలో కూడా ఆయన గాయపడిన ప్రభువుగానే కనిపించాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెల్లవారాక న్యాయాధిపతులు గుట్టుగా పంపించేయాలని చూస్తే పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారించకుండా బహిరంగంగా కొట్టించారు, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. కాబట్టి దెబ్బలు తింటున్న ఇల్లాలికి సిలువ పేరు చెప్పి ఓర్చుకోమనడం సువార్త కాదు. ఆమె న్యాయం అడగాలి, సంఘం ఆమె పక్కన నిలబడాలి. తగ్గించుకొమ్మనే పిలుపు ముందుగా పైచేయి ఉన్నవాళ్లకు.

ఆ పైచేయి ఈ రోజు నీకు ఎక్కడ ఉంది? ఆస్తి పంపకాల్లో తమ్ముడి అవసరం తెలిసిన అన్నవు కావచ్చు. కమిటీలో నీ మాటే నెగ్గుతుందని తెలిసిన సంఘపెద్దవు కావచ్చు. ఒకప్పుడు నిన్ను మాటలతో కాల్చిన అత్తగారు ఇప్పుడు మంచం పట్టి నీ చేతి అన్నం కోసం ఎదురుచూస్తుండవచ్చు. అలాంటి చోట మన హక్కు మనకు బాగా తెలుస్తుంది, వెళ్లిపోయే దారీ కనిపిస్తుంది. అక్కడ ఎదుటివాళ్లు బతకాలని కోరుకోవడం చేతకానితనం కాదు. ఫిలిప్పీలో ఒక ఇల్లంతా రక్షణలోకి వచ్చింది ఆ ప్రేమ వల్లే.

ప్రార్థన: ప్రభువా, దిగిరాగలిగీ మా కోసం సిలువ మీద నిలిచావు, నీకు స్తోత్రం. బలం అంటే నెగ్గడమే అనుకునే మా మనసును మార్చు. మా చేతుల్లో ఉన్న అధికారాన్ని ఎదుటివారి మేలు కోసం వాడే కృప దయచేయి. అన్యాయంగా గాయపడుతున్నవారికి నువ్వే అండగా ఉండు, వాళ్ల కోసం నోరు తెరిచే ధైర్యం మాకివ్వు. మాకు కీడు చేసినవారి ప్రాణం కూడా నీకు విలువైనదని ఈ రోజు మరిచిపోనివ్వకు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.