లేఖకుని బాధ్యత

స్థానిక పరిపాలనా కార్యాలయాలలో సహాయకుని హోదా విచిత్రమైనది. దస్త్రాన్ని మొదట తెరిచేవాడు అతడే, చివర కట్టి బీరువాలో పెట్టేవాడూ అతడే. నడుమ పడే సంతకం మాత్రం అతనిది కాదు. తాను రాసినది ప్రతిపాదన మాత్రమేననీ, నిర్ణయం పైవారిదనీ చెప్పుకొనే వెసులుబాటు అతనికి ఉన్నది. దిగువ నుంచి వచ్చిన నోటును నమ్మి సంతకం చేశామని చెప్పుకొనే వెసులుబాటు పైవారికీ ఉన్నది. ఈ రెంటి మధ్య ఒక తప్పు ఎవరిదీ కాకుండా పోగలదు.

వంశపారంపర్యంగా సాగిన కరణీకంలో చిక్కు ఇంత సూక్ష్మమైనది కాదు. ఊరి లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో అందరికీ తెలుసు. మెచ్చుకొన్నా, తిట్టుకొన్నా ఆ ఒక్కరినే. ఆంధ్రప్రదేశ్‌లో పార్ట్‌టైము గ్రామాధికారుల పదవులు 1984లో రద్దయ్యాయి. 2019 అక్టోబరు 2న ఆ రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ఆరంభమయ్యాయి. వంశం పోయి పరీక్ష వచ్చింది. ఇది నిస్సందేహంగా మేలు. అయితే కరణం పట్ల జనానికున్న భయంలో సగం అతని అధికారం వల్ల పుట్టినది కాదు. అతనికి తెలిసినది తమకు తెలియకపోవడం వల్ల పుట్టినది. ఆ సగం పదవితోపాటు రద్దు కాలేదు.

మరణ నమోదును ఉదాహరణగా తీసుకోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, దాని కింది నియమాల ప్రకారం మరణాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. ఆపైన 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఏడాదిలోపు నిర్ణీత అధికారి లిఖితపూర్వక అనుమతితో నమోదు చేస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. భర్త పోయిన ఏడాది మీద మూడు రోజులకు ఒక కూలి స్త్రీ పురపాలక కార్యాలయానికి వచ్చిందనుకోవాలి. వితంతు పింఛనుకు మరణ ధ్రువపత్రం కావాలన్నారు. మరణం ఇంట్లోనే జరిగింది, ఆసుపత్రి కాగితం లేదు. నాలుగు రోజుల తరువాతి తేదీ వేస్తే ఆమెకు కచేరీల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. నష్టపోయేవారెవరూ కనిపించరు. సహాయకుడు దయగలవాడైతే కలం తడబడేది ఇక్కడే.

తెలుగునాట ఈ రకం దయ కొత్తది కాదు. బడిలో చేర్చేనాడు తల్లిదండ్రులకు పుట్టిన తేదీ తెలియకపోతే, పంతులుగారు వయసుకు సరిపడేలా ఒక తేదీ వేసేవారు. కాగితం మీద మాత్రమే జూన్, జూలై నెలల్లో పుట్టిన పెద్దలు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. ఆ తేదీలో దురుద్దేశం లేదు. కాని దశాబ్దాల తరువాత ఉద్యోగ విరమణ ఆ తేదీ లెక్కనే వచ్చిపడింది. సర్వీసు పుస్తకంలో దానిని దిద్దించుకోవడానికి న్యాయస్థానాల దాకా వెళ్లినవారున్నారు. రాసినవారు ఎదుట నిలబడిన పిల్లవాణ్ణి చూసి రాశారు. చదివేవారికి ఆ పిల్లవాడు కనిపించడు, అంకెలే కనిపిస్తాయి.

మరణ తేదీ సంగతీ అంతే. ఆ నాలుగు రోజులలో మృతుని తండ్రి కూడా పోయి ఉంటే, ఎవరు ముందు పోయారన్నదానిని బట్టి ఆస్తి హక్కులే మారవచ్చు. ఇది అరుదు కావచ్చు. అరుదు కానిది మరొకటి ఉన్నది: అదే వారంలో అదే కిటికీ వద్ద నిజం చెప్పి, మేజిస్ట్రేటు కచేరీకి దారి పట్టిన మరో స్త్రీ. ఆమెకు జరిగినదానిని ఏమనాలి?

అయితే ఇంతటితో నిబంధన పక్షాన తీర్పు చెప్పి ఊరుకోవడం తొందరపాటు. ‘ఏడాది దాటింది, కుదరదు’ అని పంపివేసిన సహాయకుడు రికార్డును కాపాడాడు గాని తన పని చేయలేదు. (నిజానికి ఆ చట్టం కుదరదని అనలేదు, ఆలస్యమైనవారికి అదే ఒక దారి పెట్టింది.) ఏ దరఖాస్తు, ఏ కచేరీ, ఏ సాక్ష్యం అన్నవి ఒకే రోజు ఒకే కాగితం మీద రాసి ఇవ్వడం అతని చేతిలోని పని. ఒక్కొక్క లోపాన్ని ఒక్కొక్క రోజు బయటపెట్టడం వల్ల ఏ నియమమూ భంగపడినట్లు కనిపించదు; ఆమెకు మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం అడిగినవారికి 30 రోజులలో సమాచారం ఇవ్వాలంటుంది. ఏమి అడగాలో తెలియనివారు దానిని ఎలా వాడుకోగలరు?

ఆమె దరఖాస్తు మేజిస్ట్రేటు కచేరీకి చేరాక అక్కడా నోటు రాసేది ఒక సహాయకుడే. కౌటిలీయ అర్థశాస్త్రం లేఖనానికి చెప్పిన గుణాలలో మొదటిది అర్థక్రమం, అంటే ప్రధానమైన విషయం ముందు రావడం. ఇది శైలికి సంబంధించిన మాటగా తోస్తుంది. కాని ‘గడువు దాటినది’ అని ఆరంభమైన నోటు తిరస్కారం వైపు నడుస్తుంది. ‘మరణము ఇంటివద్ద జరిగినది, సాక్షులు ఇద్దరు హాజరైనారు, ఏడాది మీద మూడు దినములు జాప్యమైనది’ అని రాసిన నోటు మరోవైపు నడుస్తుంది. రెండింటిలోనూ అసత్యం లేదు. బల్ల మీద దస్త్రాలు పేరుకొన్న పూట, అధికారి చాలాసార్లు చదివేది ఆ మొదటి పంక్తినే.