స్థలం మారిన ఆరామం

పవిత్రమని ఎంచిన కట్టడాన్ని దాని చోటినుండి కదిలించవచ్చునా? కదిలించిన పిదప అది ఆ కట్టడమేనా? భాగాలకు, వాటితో ఏర్పడిన వస్తువుకు గల సంబంధాన్ని గురించి మన తార్కికులు చేసిన చర్చవంటిదే ఈ ప్రశ్న. ఇరవయ్యవ శతాబ్దంలో భారీ ఆనకట్టల నిర్మాణం దీనిని పండితసభల నుండి ప్రభుత్వ కార్యాలయాలకు తెచ్చింది. నిర్ణయం తీసుకొనవలసినవారు తార్కికులు కారు, అధికారులు.

ఐరోపాలోని మోంటెనెగ్రోలో పీవా నది పుట్టుచోట, కొండల నడుమ ఒక ఆర్థడాక్స్ క్రైస్తవ మఠం ఉండేది. 1573–1586 మధ్య దానిని నిర్మింపజేసిన సవాతియె, ఆటోమన్ సామ్రాజ్యపు మహామంత్రి మెహ్మద్ పాషా సోకొలోవిచ్‌కు బంధువు. మహమ్మదీయుడైన ఆ మంత్రి రూపం సైతం ఆ క్రైస్తవాలయపు గోడపై చిత్రితమై ఉన్నది. 17వ శతాబ్ది ఆరంభంలో గ్రీకు చిత్రకారులు లోపలి గోడలను బొమ్మలతో నింపారు. మ్రాతిన్యె ఆనకట్ట వలన ఆ చోటు మునగనున్నదని తేలినపుడు, 1969–1982 మధ్య మఠాన్ని రాయి రాయిగా విప్పి వేరొకచోట తిరిగి కట్టారు. కుడ్యచిత్రాలను వెయ్యికి పైగా ముక్కలుగా ఊడదీసి, మరల అతికించారు. అక్కడ నేడు సన్యాసులు ఉన్నారు, ప్రార్థన సాగుతున్నది.

మన నాగార్జునకొండ కథ దీనికంటె కొంత ముందటిది. మూడు వైపుల నల్లమల కొండలు, ఒకవైపు కృష్ణానది కాపు కాసిన ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతి ఆ శిథిలాల ఉనికిని లోకానికి తెలిపారు. తరువాత లాంగ్‌హర్‌స్ట్, టి. ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునగడం నిశ్చయమైనందున ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుండి 1960 వరకు లోయనంతటినీ శోధించారు. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు బయల్పడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్నింటిని కొండమీదికి, మరికొన్నింటిని అనుపుకు తరలించి పునర్నిర్మించారు. కొండ ద్వీపమైనది. 1966లో దానిపై మ్యూజియం వెలసింది.

ఆ విహారాల వాస్తురీతిలోనే ఒక జీవనదృష్టి కనిపిస్తుంది. నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు వైపుల భిక్షువుల గదులు: ఏకాంతానికి గది, సంవాదానికి మండపం. కొన్ని ఆరామాలలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకదానిలో స్తూపం, రెండవదానిలో బుద్ధ విగ్రహం. భిన్న శాఖలవారు ఒకే లోయలో నివసించారు. మహాచైత్యాన్ని ఉద్ధరించినది వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిసిరి సింహళ స్థవిరులకై చైత్యగృహం కట్టించి, ఆ పుణ్యాన్ని తన వారందరికీ పంచింది. ఆమె శాసనంలో కాశ్మీర, గాంధార, చీనా దేశాల పేర్లు ఉన్నాయి. ఆ పలనాటి సున్నపురాళ్లు ఒక చోటును ఆశ్రయించి దూరదేశాలతో మాట్లాడాయి.

తరలింపులో రాయి దక్కింది. దక్కనిది రాళ్ల మధ్యనున్న దూరం. నదికి దిగుటకై కట్టిన స్నానఘట్టం నేడు కొండమీద ఉన్నది. మెట్లు అవే, అవి ఏ నీటికై కట్టబడినవో ఆ ఒడ్డు లేదు. పీవాలో స్థలం పోయినా ఆచారం నిలిచినది. నాగార్జునకొండలో ఆచారం పూర్వమే అంతరించినది, స్థలం మన కాలంలో పోయినది. కనుక మనకు మిగిలిన విహారం చూడదగినదే కాని వసింపదగినది కాదు.

అయితే ఆనకట్ట కట్టకుండవలసినదా? అలా అనుట నాకు సాధ్యం కాదు. జవహర్, లాల్ బహదూర్ కాలువల నీటితో పండిన పొలాలను చూచినవారు కూడ అనజాలరు. కరుణను బోధించినవాని స్తూపం బీడునేలకు నీరివ్వడానికి అడ్డు నిలువదని చెప్పవచ్చును. సంస్కారాలన్నీ అనిత్యాలే కదా అనికూడ కొందరు సమాధానం చెబుతారు. ఇక్కడనే జాగ్రత్త అవసరం. అనిత్యతాబోధ పోగొట్టుకొన్నవానికి ఓదార్పు. తీసికొన్నవానికి అది సాకు కారాదు. నా ఇల్లు పోయినపుడు నేను ఆ మాట అనుకొనవచ్చును. ఎదుటివాని ఇల్లు తీసికొంటూ ఆ మాట అతనికి చెప్పే అధికారం నాకు లేదు.

లోయలో రాళ్లు మాత్రమే లేవు, ఊళ్లు కూడ ఉండేవి. స్తంభాలతోపాటు మనుష్యులు కూడ కదిలారు. శిలకు సంఖ్య వేసి, దాని పూర్వస్థానాన్ని పటంలో గుర్తించి, అదే క్రమంలో నిలబెట్టడం పురాతత్త్వశాస్త్రపు ఘనత. అంతటి శ్రద్ధతో ఒక ఊరి పొరుగును, పొలిమేరను, గ్రామదేవత గుడిని వేరొకచోట నిలబెట్టే శాస్త్రం మనకింకా అలవడలేదు.

అర్పా నది ఒడ్డున, ఈ సర్కండాలో కూర్చుండి వ్రాస్తున్నపుడు మరొక తరలింపు నా కంటి ఎదుట ఉన్నది. రైల్వే కొలువులకై బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. ఉగాది పచ్చడి ఇక్కడి వేపపువ్వుతోనే తయారవుతుంది. నిత్యం వాడేవారున్నచోట స్థలాంతరం ప్రాణాంతకం కాదని వీరు చాటుతున్నారు. అయితే వీరు బ్రతుకుతెరువు వెదకుకొంటూ తామై వచ్చారు. శిలలకు, లోయవాసులకు ఆ ఎంపిక లేదు.

కదిలించుట ఒక్కొక్కప్పుడు అనివార్యం. అనివార్యమైనంత మాత్రాన ఋణం తీరదు. కదిలించినవాడు మూడింటికి బాధ్యుడు: కట్టడం మొదట ఎక్కడ, ఎందుకు ఉన్నదో దాచకుండా చెప్పుటకు, దానిని వాడిన మనుష్యులను దానితో సమానంగా ఎంచుటకు, కలిగిన లాభంలో నష్టపోయినవారికి ముందుగా పాలు ఇచ్చుటకు. బోధిసిరి తన పుణ్యాన్నే పంచి ఇచ్చినది. ఆమె కట్టించిన చోటును నీట ముంచి పంట పండించుకొన్న మనం ఆ పంటలో పాలు పంచుటకు వెనుకాడరాదు.