జామకాయల బండిమీద చిన్న డబ్బా



దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర జామకాయలు అమ్మే ఒక తల్లిని అడిగాను: "చదువు రాదంటివి, ఫోనుల పైసలు పడ్డయని నీకెట్ల తెలుస్తదమ్మా?" ఆమె నవ్వి, బండిమీది చిన్న స్పీకరు డబ్బా చూపింది. "గదే మొత్తుకుంటది ఫాదర్!"

2016లో యూపీఐ వచ్చినప్పుడు అది చదువుకున్నవారి సౌకర్యమనే తలచాను. పొరబడ్డాను. తెల్లవారుతూనే వడ్డీ ముందుగా పట్టుకొని అప్పిచ్చి, పొద్దుగూకేసరికి అసలంతా రాబట్టుకునేవాని గుప్పిట్లో బండి వ్యాపారం ఎన్నటికీ నిలదొక్కుకోదు. రోజూ పదీ ఇరవైగా ఖాతాలో పడే సొమ్ము మాత్రం ఆమె కష్టానికి సాక్ష్యం. బ్యాంకువారు ఆ లెక్క చూడగలరు. వీధి వ్యాపారులకై 2020లో కేంద్రం ప్రారంభించిన పీఎం స్వనిధి పథకం, పూచీకత్తు లేకుండ తొలి విడత 10,000 రూపాయలు ఇప్పించింది. 2025లో దానిని 15,000 చేశారు. సకాలంలో తీర్చినవారికి తర్వాతి విడత ఇంకా పెద్దది.

అయితే ఆ తల్లి మరొక మాట చెప్పింది. సాయంత్రం రద్దీలో ఒకరు "పంపించాను" అంటూ ఫోను తెర చూపి, కిలో కాయలు పట్టుకుపోయారట. డబ్బా పలకలేదు. ఆ తెర నకిలీది! దేవునికి హేయమని సామెతల గ్రంథం చెప్పే దొంగత్రాసు ఒకప్పుడు అమ్మేవాని చేతిలో ఉండేది. ఇప్పుడు కొనేవాని జేబులోకి వచ్చింది. ఆ కిలో లోటు పూడ్చుకోవడానికి ఆమె ఇంకెన్ని కిలోలు అమ్మాలో మీరే లెక్కవేయండి. ఇది తమాషా కాదని జ్ఞానోపదేశ తరగతిలో పిల్లలకు చెప్పాను. ఇండ్లలో మీరూ చెప్పండి.

ఈసారి బండి దగ్గర కొన్నప్పుడు, ఆ డబ్బా మొత్తుకునేదాకా ఒక్క నిమిషం నిలబడండి.