తనంత తాను నల్లబడే అద్దం

పాత రకం వెల్డింగ్ ముసుగులో అద్దం ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. రాడ్డు వెల్డింగ్‌కు మామూలుగా వాడే 10వ నంబరు షేడ్ తీసుకుంటే, దాని మీద పడిన కాంతిలో పదివేల పాళ్ళకు సుమారు 1.4 పాళ్ళే కంటికి చేరుతుంది. ఆర్క్, అంటే రాడ్డు కొన దగ్గర పుట్టే వెల్డింగ్ మెరుపు, మండుతున్నంతసేపూ అది చాలు. ఆర్క్ లేకపోతే మాత్రం ఆ అద్దం వెనక పట్టపగలే అమావాస్య. అందుకే వెల్డర్ ముసుగు పైకెత్తి జాయింటు చూసుకుంటాడు, రాడ్డు కొనను ఆనీ ఆనకుండా అక్కడ నిలుపుతాడు, మెడను ఒక్కసారి విదిలించి ముసుగు దించుకుంటాడు, ఏమీ కనిపించని ఆ చీకట్లోనే ఆర్క్ కొడతాడు. స్వీడన్‌కు చెందిన హోర్నెల్ కంపెనీ 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో తెచ్చిన అద్దం ఈ మెడ విదిలింపును అక్కర్లేనిదిగా చేసింది. మామూలప్పుడు అది చలువ కళ్ళద్దంలా లేతగా ఉంటుంది, ఆర్క్ వెలగగానే తనంత తాను నల్లబడుతుంది. వెల్డర్ ముందే ముసుగు దించుకుని పని మొదలుపెట్టవచ్చు. కళ్ళను కాపాడుకునే ఆ చిన్న జాగ్రత్త ఇప్పుడు మెడలో లేదు, అద్దంలో ఉంది. ఇక్కడే ఒక పాత ప్రశ్న కొత్తగా లేస్తుంది. వస్తువుకు అప్పగించేసిన నిగ్రహాన్ని మనిషి నిగ్రహం అనవచ్చా?

అనకూడదని చెప్పడానికి మన సంప్రదాయంలో బలమైన ఆధారాలే ఉన్నాయి. భగవద్గీత రెండో అధ్యాయం స్థితప్రజ్ఞుణ్ణి అవయవాలు లోపలికి ముడుచుకునే తాబేలుతో పోలుస్తుంది. ముడుచుకోవలసింది తాబేలే, దాని బదులు ఇంకొకరు ముడవరు. బుద్ధుడు చివరిసారి భిక్షువులకు చెప్పిన మాట అప్రమాదం, అంటే ఏమరుపాటు లేకుండా ఉండటం. ఏమరుపాటు లేని యంత్రాన్ని కొని తెచ్చుకోమని ఆయన చెప్పలేదు. ఈ లెక్కన చూస్తే, ఆర్క్ కొట్టే ప్రతిసారీ గుర్తుపెట్టుకుని ముసుగు దించుకునే వెల్డర్ దినదినం ఒక సాధన చేస్తున్నట్టు. కొత్త ముసుగు తొడుక్కున్నవాడు ఆ సాధన మానేసినట్టు. వాడి కళ్ళు బాగుంటాయి గానీ అందులో వాడి గొప్పేమీ లేదు. ఈ వాదం వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ అద్దం లోపల జరిగేదేమిటో చూస్తే నిలబడదు.

ముసుగు ముందు భాగంలో రెండో నాలుగో సెన్సర్లు ఉంటాయి. అవి ఆర్క్ వెలుగును పసిగట్టగానే అద్దంలోని ద్రవ స్ఫటికాల పొరకు కరెంటు అందుతుంది, అందులోని అణువుల వరస మారుతుంది, దాంతో ఆ పొరకు ఇరువైపులా ఉన్న ధ్రువణ ఫలకాలు వెలుగుకు దారి మూసేస్తాయి. మంచి రకాల్లో ఇదంతా సెకనులో పాతికవేల వంతులో జరిగిపోతుంది. ఉలిక్కిపడి వాలడానికి కనురెప్పకు సెకనులో దాదాపు పదో వంతు పడుతుంది. అద్దాన్ని మెచ్చుకునేవాళ్ళంతా ఈ వేగాన్నే మెచ్చుకుంటారు. అసలు సంగతి వేగంలో లేదు. ఆర్క్ నుంచి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీల లోహిత, పరారుణ కిరణాలు కూడా వస్తాయి. మొదటివి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను కాలుస్తాయి. ఆ కాలడం అప్పుడు తెలియదు. కొన్ని గంటలు గడిచి, ఇంటికెళ్ళి పడుకున్నాక, కళ్ళల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. ఈ కిరణాలను ఆపేది నల్లబడే పొర కాదు, దానితో కలిపి అమర్చిన మరో వడపోత. అది అద్దం లేతగా ఉన్నప్పుడూ నల్లగా ఉన్నప్పుడూ ఒకేలా పనిచేస్తుంది. బ్యాటరీ అయిపోయి అద్దం నల్లబడకపోయినా దాని పని ఆగదు. నల్లబడటం దండగని కాదు. కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు కూడా, ముఖ్యంగా అందులోని నీలి భాగం, రెటీనాను దెబ్బతీస్తుంది. పైగా ఆ నలుపు లేకపోతే కరిగిన లోహపు మడుగు కనిపించదు, పని సాగదు. కానీ కంటికి తెలియని ముప్పును ఆపుతున్నది మాత్రం ఎప్పుడూ మారని ఆ పొరే.

నా వాదమంతా దీని మీదే నిలబడుతుంది. కనిపించని కిరణానికి రెప్ప వాలదు. తెలియని హానిని ఆ క్షణపు అప్రమత్తత ఎదుర్కోలేదు, ఎంత సాధన ఉన్నా ఎదుర్కోలేదు. దాన్ని ఎదుర్కోగలిగేది ఆ క్షణం రాకముందే చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. నిగ్రహం అనగానే మనం ఆ క్షణపు పెనుగులాటనే ఊహించుకుంటాం, ఏర్పాటును లెక్కలోకి తీసుకోం. గీతలోని తాబేలునే మళ్ళీ చూడండి. ప్రమాదం వచ్చినప్పుడు అది కాళ్ళు ముడుచుకుంటుంది, నిజమే. దేనిలోకి ముడుచుకుంటుంది? డిప్పలోకి. ఆ డిప్పను అది అప్పటికప్పుడు తయారు చేసుకోలేదు, అది ఎప్పటినుంచో వీపు మీద ఉంది. డిప్ప లేని జీవి ఎంత చురుగ్గా కాళ్ళు ముడుచుకున్నా ఏం లాభం? కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలంది, బుద్ధిని సారథి అంది. వాటి మధ్య ఒక పనిముట్టును కూడా పెట్టడం మరిచిపోలేదు. మనస్సును పగ్గం అంది. సారథి గుర్రాలతో కుస్తీ పట్టడు. పతంజలి ఎనిమిది అంగాల్లో ఇంద్రియాలను వెనక్కి మళ్ళించే ప్రత్యాహారం అయిదోది. యమనియమాలనే నిలకడైన కట్టుబాట్లు మొదటి రెండు. ఈ వరుస ఊరికే పెట్టింది కాదనుకుంటాను.

దీనికొక పదునైన ఆక్షేపణ ఉంది. శాస్త్రాలు చెప్పే నిగ్రహం ఆకర్షణ మీద, వెల్డర్ తప్పించుకునేది బాధను. ఆర్క్ వైపు చూడాలని ఎవరికీ ఆశ పుట్టదు కాబట్టి పోలికే తప్పు అనవచ్చు. కానీ షెడ్డులో అసలు శత్రువు వెలుగు కాదు, తొందర. గేటుకో గ్రిల్లుకో ముక్కలు జత చేసేటప్పుడు చిన్న చిన్న టాకులు, అంటే ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చుక్క వెల్డింగులు, పదుల కొద్దీ వేయాలి. ప్రతి టాకుకూ ముసుగు దించడం, ఎత్తడం విసుగు. ‘ఒక్క టాకే కదా’ అని మొహం పక్కకు తిప్పి, కళ్ళు మూసుకుని వేసేస్తారు. కళ్ళు పోయేది పెద్ద పనుల్లో కాదు, ఇలాంటి ఒక్క టాకుల లెక్కలోనే. ఇది అచ్చమైన ఆకర్షణ, సులువు మీద ఆకర్షణ. కొత్త ముసుగు దీంతో పోట్లాడదు. ముసుగు దించే ఉంటుంది, లోపలి నుంచి ముక్కలు కనిపిస్తూనే ఉంటాయి, కాబట్టి ఎత్తాలన్న కోరికే పుట్టదు. నిరాహారికి విషయాలు దూరమైనా వాటి మీది రుచి పోదని గీత హెచ్చరించింది. రుచికి అసలు చోటే లేకుండా పనిని అమర్చుకోవడం అంతకంటే తక్కువ వివేకమా?

ఇక నైపుణ్యం సంగతి. గుడ్డి చీకట్లో రాడ్డు కొన కదలకుండా చేతిని నిలపడం నిజంగా గొప్ప విద్య. కొత్త ముసుగుతోనే పని నేర్చుకున్నవాడికి అది రాదు, ఎప్పుడైనా పాత అద్దం చేతికొస్తే వాడు తడబడతాడు. ఈ నష్టాన్ని ఒప్పుకోవాలి. యంత్రమూ ఏమారుతుంది. సెన్సరుకు పైపో సొంత చెయ్యో అడ్డమొస్తే, తక్కువ కరెంటు మీద పనిచేస్తుంటే, అది ఆర్క్‌ను గుర్తించకపోవచ్చు. అందుకే పనికి ముందు దాన్ని పరీక్షించాలి, షేడ్ సరిచూసుకోవాలి. అప్రమత్తత పోలేదన్నమాట, ఆర్క్ ముందరి క్షణం నుంచి పొద్దున్న ముసుగు చేతికి తీసుకునే క్షణానికి జరిగింది.

ఈ కొత్త ముసుగుకు డబ్బు ఎవరు పెట్టాలన్న మాటకొస్తే మార్కండేయ పురాణంలోని ఒక కథ గుర్తు చేసుకోవాలి. విశ్వకర్మ కూతురు సంజ్ఞ సూర్యుడి భార్య. భర్త తేజస్సు భరించలేక తన స్థానంలో ఛాయను నిలిపి పుట్టింటికి వెళ్ళింది. తండ్రి మొదట చెప్పిన మాట, భర్త దగ్గరికి తిరిగి పొమ్మని. అంటే ఓర్చుకోమని. ఆ తర్వాత గానీ ఆయన సూర్యుణ్ణి సానపట్టలేదు. విష్ణు పురాణం లెక్కలో తగ్గింది ఎనిమిదో వంతు తేజస్సు, ఆ పొట్టుతోనే చక్రమూ త్రిశూలమూ తయారయ్యాయి. దసరాకు పనిముట్లకు పూజ చేసే షెడ్లలో కూడా కుర్రాళ్ళకు ఇప్పటికీ దొరుకుతున్నది విశ్వకర్మ చెప్పిన మొదటి మాటే. చేత్తో పట్టుకునే నల్లద్దం వందల్లో వస్తుంది, తనంత తాను నల్లబడేది వేలల్లోకి పోతుంది. యజమాని ఆ తేడా భరించకుండా ‘వీడికి జాగ్రత్త లేదు’ అనడం నిగ్రహాన్ని పేదవాడి నెత్తిన రుద్దడమే. ఛాయ అనే పేరులోనే జవాబుంది. భరించలేని వెలుగు ఉన్నచోట మనిషిని తిట్టి లాభం లేదు, నీడను అమర్చాలి.

ఇంతా చెప్పాక నాకు జవాబు దొరకని చోటు ఒకటి ఉంది. పాత ముసుగులో ఆ మెడ విదిలింపు వెల్డర్ కోసమే కాదు. ఎదురుగా ముక్క పట్టుకుని కూర్చున్న హెల్పర్‌కు అదే గుర్తు. ముసుగు కిందికి పడటం చూడగానే అతను మొహం తిప్పుకునేవాడు. కొత్త ముసుగు పొద్దుటి నుంచీ దిగే ఉంటుంది, లోపలి మనిషి ఎప్పుడు ఆర్క్ కొడతాడో బయట ఎవరికీ తెలియదు. సెన్సర్లు ముసుగు తొడుక్కున్నవాడి కళ్ళకే కాపలా. పాతికవేల వంతు సెకనులో లోపల చీకటి పడుతుంది, అదే సెకనులో హెల్పర్ మొహం మీద వెలుగు పడుతుంది. అతని కళ్ళ కోసం ఆర్క్‌కు ముందు నోరు తెరిచి ‘కళ్ళు!’ అని ఒక్క మాట అనాలి. ఆ మాటను మాత్రం ఏ అద్దమూ తనంత తాను అనదు.