అప్పటికే బయలుదేరిన అహరోను

ధ్యానభాగం: నిర్గమకాండము 4:1–17

కొత్త పనికి పిలుపు వచ్చేనాటికి మోషేకు 80 ఏళ్ళు. అప్పటికి 40 ఏళ్ళుగా మిద్యానులో మామగారి మంద కాస్తున్నాడు. మండుతున్న పొద దగ్గర ఆయన దేవునితో చెప్పుకున్న సాకుల్లో రెండు చదివినప్పుడల్లా నా గొంతే వినబడుతుంది: నాకు మాట రాదు, ఇంకెవరినైనా పంపు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో 11 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. లెక్క తప్పేది కాదు. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే ఒక్కరి మాటా అందేది కాదు. ట్యూబ్‌లైటు రొద మాత్రం స్పష్టంగా వినబడేది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తే చెప్పవలసిన మాట మరచిపోయేవాణ్ణి. పొగరన్నారు, మొండితనమన్నారు. 33వ ఏట ఒక డాక్టరమ్మ దానికి పేరు చెప్పారు, ఆటిజం అని. ఆ రాత్రి ఏడ్చాను, చాలావరకు ఊరటతోనే.

ఆ తర్వాతే, ఇల్లు సద్దుమణిగాక, రాత్రిళ్ళు పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అది నాకు కొత్తగా అనిపించలేదు. మా నాన్న బందరు కాలువ మీద లస్కరు. చిన్నప్పుడు ఆయన వెంట లాకుల దగ్గర కూర్చునేవాణ్ణి. ఏ తూము ఎత్తితే ఏ బోదెకు నీళ్ళు వెళ్తాయో నోటికి వచ్చేది. ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్తే అందరూ ఏటిని చూసేవారు, నేను గేట్లు లెక్కపెట్టేవాణ్ణి. మొత్తం 70. శివారు పొలానికి నీళ్ళందలేదని రైతు వస్తే నాన్న ఆ పొలం దగ్గర ఆగేవారు కాదు. గట్టు వెంట పైకి నడిచేవారు, అడ్డుకట్ట ఎక్కడ వేశారో, గండి ఎక్కడ పడిందో కనబడేదాకా. ప్రోగ్రాములో తప్పు వెతకడం అచ్చంగా ఆ నడకే. తప్పు బయటపడేది శివారులో, పుట్టింది ఎగువన.

చేతిలో ఉన్నదేమిటని దేవుడు మోషేను అడిగాడు. మంద కాసే కర్ర. కొత్త పనికీ ఆ కర్రనే పట్టుకెళ్ళమన్నాడు.

కర్ర ఉంది సరే, నాలుకో? మొదటి ఇంటర్వ్యూలో రాతపరీక్ష దాటాను. ముగ్గురు కూర్చున్న గదిలోకి వెళ్ళాక నోరు పెగల్లేదు. కమ్యూనికేషన్ చాలదన్నారు. రెండోచోటా అంతే. సంఘంలో ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి ఉంచి స్వస్థత కోసం ప్రార్థించారు. ఆయన ప్రేమను శంకించను. నేనూ ఎన్నో నెలలు అదే అడిగాను: ప్రభువా, నన్ను అందరిలా చెయ్యి.

ఒకరోజు ఈ అధ్యాయం చదువుతూ మధ్యలో ఆగిపోయాను. దేవుడు మోషే నాలుకను బాగుచెయ్యలేదు! కొద్ది వచనాల ముందే ఆ మనిషి చేతికి కుష్ఠు రప్పించి, వెంటనే బాగుచేసినవాడు. బాగుచెయ్యడం ఆయనకు చేతకాక కాదు. నోటిని కలుగజేసినవాణ్ణి నేనేనని గుర్తుచేశాడు, తోడుంటానన్నాడు. కోపగించుకున్నాడు కూడా. ఆ కోపాన్ని నేను దాటవేయను. ఇంకెవరినైనా పంపమన్నప్పుడు రగిలిన కోపం అది. నాలుక మందమని చెప్పుకున్నప్పుడు కోప్పడలేదు. ఆ కోపంలోనూ ఏర్పాటే చేశాడు: నీ అన్న అహరోను మాట్లాడతాడు, నువ్వు అతనికి మాటలు అందించు.

మన దేశపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనూ ఈ ఏర్పాటు జాడ కనబడుతుంది. 1995 చట్టం 7 వైకల్యాలనే గుర్తిస్తే ఇది 21 గుర్తించింది, వాటిలో ఆటిజం ఒకటి. అవసరమైన సర్దుబాటు నిరాకరించడాన్ని కూడా వివక్షగానే లెక్కించింది. నేను మాత్రం చట్టం సంగతి తెలియకముందే మోషే దగ్గర ధైర్యం తెచ్చుకున్నాను. మూడోచోటికి ముందుగానే ఉత్తరం రాశాను: నాకు ఆటిజం ఉంది, ప్రశ్నలు కాగితం మీద ఇస్తే జవాబులు రాసి చూపిస్తాను. ఇచ్చారు. రెండు గంటలు.

ఇప్పుడు రోజూ గన్నవరం బస్సెక్కి ఆ ఉద్యోగానికే వెళ్తున్నాను. పని రాతలో చెబుతారు. క్లయింటుతో మాట్లాడవలసి వస్తే నేను రాసిచ్చింది మా టీమ్‌లోని ఒక చెల్లాయి చెబుతుంది. మొదటిసారి భయపడుతూ అడిగాను. "దానికంత మొహమాటం ఎందుకన్నయ్యా, ఇటివ్వండి" అని కాగితం తీసుకుంది.

ఆ మాట విన్నప్పుడే 14వ వచనం నాకు అర్థమైంది. మోషే ఇంకా పొద దగ్గర వాదిస్తూనే ఉన్నాడు. అహరోను అప్పటికే తమ్ముణ్ణి కలుసుకోవడానికి బయలుదేరాడు. తమ్ముణ్ణి చూసి మనసారా సంతోషిస్తాడని కూడా దేవుడే చెప్పాడు.

ప్రార్థన: తండ్రీ, రేపు ఉదయం ఇంటర్వ్యూ గదిలో కూర్చోబోయే బిడ్డను జ్ఞాపకం చేసుకో. అడగడానికి సిగ్గుపడుతున్న మాటను ఈ రాత్రే కాగితం మీద రాయించు. బల్లకు అవతల కూర్చునేవారికి ఓపిక దయచెయ్యి. మాలో ఎవరు ఎవరికి అహరోనుగా నడిచి వెళ్ళాలో ఈ రోజే చూపించు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.