అన్నమా? స్వేచ్ఛా?



నిర్గమకాండము పదహారవ అధ్యాయంలో ఒక వింత మొర వినిపిస్తుంది. ఫరో చెర వీడి, సముద్రం దాటి వచ్చిన యిస్రాయేలీయులు నెల తిరిగేసరికి ఎడారిలో సణగడం మొదలుపెట్టారు. ఐగుప్తులో మాంసం ఉడికిన కుండలు, కడుపునిండా తిన్న రొట్టెలు వారికి గుర్తుకు వచ్చాయి. సంఖ్యాకాండములో ఆ జాబితా ఇంకా పెద్దది. చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి అన్నీ తలచుకొని ఏడ్చారు. కొరడా దెబ్బలు మరచిపోయారు గాని కూర రుచి మరచిపోలేదు. వారిని చూచి నవ్వకండి. ఆకలిగొన్న బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి స్వేచ్ఛను గురించిన ఉపన్యాసం రుచించదు.

గడచిన శతాబ్దంలో ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి వాదించుకొన్నది ఈ మొరను గురించే. “అన్నం మేము పెడతాము, నోరు మూసుకోండి” అన్నట్టు ఒక శిబిరం నడచింది. “నోరు మీదే, అన్నం మీరే వెదకుకోండి” అన్నట్టు రెండవది నడచింది. మొదటిదాన్ని కమ్యూనిజమన్నారు, రెండవదాన్ని పెట్టుబడిదారీ విధానమన్నారు. వీటిలో ఏది మేలు?

ఇది తెలుసుకోవడానికి మనం మాస్కోకో, న్యూయార్కుకో వెళ్ళనక్కరలేదు. రాస్‌ కొండమీద మరియమాత దేవాలయం ముంగిట నిలబడి కిందికి చూడండి. 1933లో తెరచిన ఓడరేవు కనబడుతుంది. 1941లో వాల్‌చంద్‌ హీరాచంద్‌ అనే పెట్టుబడిదారు మొదలుపెట్టగా తర్వాత ప్రభుత్వపరమైన ఓడల నిర్మాణకేంద్రం ఈ ఊరిదే. గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. దానికి సాయం చేయడానికి 1979లో సోవియట్‌ యూనియన్‌ ఒప్పందం చేసుకొన్నది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి సోవియట్‌ యూనియనే భూపటంలో లేదు! చవకగా దొరికే సోవియట్‌ తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన మా తరానికి అది చిన్న విషయం కాదు. రెండు లోకాల చేతి గుర్తులూ మన ఊరి మీదే ఉన్నాయి.

విశాఖ ఉక్కు ఎవరో దయతో ఇచ్చినది కాదు. 1966లో ఆంధ్రదేశమంతా దానికోసం లేచి నిలబడింది. తెన్నేటి విశ్వనాథం గారి వంటి పెద్దలు ముందు నడిచారు. టి. అమృతరావు గారు నిరాహారదీక్ష పట్టారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తంమీద ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారని ఈనాటికీ చెప్పుకొంటున్నాము. స్వతంత్ర భారతదేశం నుదుట పడిన ఆ నెత్తుటి మచ్చను దాచిపెట్టనక్కరలేదు. అయితే ఆ నెత్తురు వృథా పోలేదు. పత్రికలు వ్రాశాయి. శాసనసభ్యులు రాజీనామాలు చేశారు. 1970లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, మరుసటి జనవరిలో శంకుస్థాపన చేశారు.

దీనికి నాలుగేండ్ల ముందు, 1962 జూన్‌లో, రష్యాలోని నొవొచెర్కాస్క్‌ పట్టణంలో ఏమి జరిగిందో వినండి. ప్రభుత్వం మాంసం ధరను 30 శాతం, వెన్న ధరను 25 శాతం పెంచింది. అక్కడి రైలింజన్ల కర్మాగారంలో అదే సమయానికి కూలి రేట్లు కూడా తగ్గించారు. కార్మికులు పని ఆపి, ఎఱ్ఱజెండాలు, లెనిన్‌ పటాలే చేతబట్టి ఊరేగింపుగా నడిచారు. సైన్యం తుపాకులు పేల్చింది. 26 మంది నేలకొరిగారు. శవాలను రహస్యంగా వేర్వేరు చోట్ల పూడ్చిపెట్టారు. తర్వాత ఏడుగురికి మరణశిక్ష అమలు చేశారు. దాదాపు పాతికేండ్లకు పైగా ఆ మాట పైకి పొక్కలేదు. కార్మికుల రాజ్యమని పేరు పెట్టుకొన్నచోట కార్మికుని తల్లికి కొడుకు సమాధి ఎక్కడో తెలియదు. మనం మన అమరులకు దండ వేసి వారి పేరు చెప్పుకోగలుగుతున్నాము. ఆ తల్లికి బాహాటంగా ఏడ్చే వీలు కూడా లేకపోయింది.

న్యాయంగా మాట్లాడుదాము. సోవియట్‌ రాజ్యం కోట్లమందికి అక్షరాలు నేర్పింది. ఉద్యోగం, చవక అద్దెకు ఇల్లు, రుసుము లేని వైద్యం ఇచ్చింది. మన కూలి కుటుంబాలకు అవి ఈనాటికీ కలలే. కాని అక్కడ యజమాని, ఇంటి ఆసామి, పత్రికాధిపతి, పోలీసు అందరూ ఒక్కరే. ఆ ఒక్కరికి కోపం వస్తే పోవడానికి మరో గుమ్మం లేదు. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించినా ఉద్యోగానికి ముప్పే. పైగా నోరు మూసుకొన్నవారికి అన్నమైనా ఎల్లకాలం దొరికిందా అంటే అదీ లేదు. 1932-33లో ధాన్యాగారమైన ఉక్రెయిన్‌లో లక్షలాదిమంది ఆకలితో చనిపోతుండగా ప్రభుత్వం ధాన్యాన్ని ఎగుమతి చేసింది. పత్రికలు, ఎన్నికలు స్వేచ్ఛగా నడిచే దేశంలో పెద్ద కరువు మరణాలు సంభవించవని మన అమర్త్య సేన్‌ గారు చూపించారు. అడిగే నోరున్నచోట పాలకునికి భయం ఉంటుంది. అంటే నోరు మూస్తే అన్నానికీ ముప్పే.

మరి రెండవ శిబిరం? 1991 సంస్కరణలకు ముందు మన దేశంలో టెలిఫోను కోసం, స్కూటరు కోసం ఏండ్ల తరబడి ఎదురుచూచిన రోజులు పెద్దలకు గుర్తే. తర్వాత అంగళ్ళు నిండాయి. మన పిల్లలు బెంగళూరుకు, గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్ళి ఇంటికి డబ్బు పంపుతున్నారు. చాలా కుటుంబాల బ్రతుకు మెరుగుపడింది. దీన్ని కాదనడం కృతఘ్నత. కాని తెల్లవారుజామున కూడళ్ళలో క్యారేజీ పట్టుకొని పనికోసం నిలబడేవారిని చూడండి. వారికి ఓటుంది, మాట్లాడే హక్కుంది, నచ్చిన గుడికి పోయే హక్కుంది. మేస్త్రీకి ఎదురు చెబితే మాత్రం రేపు పిలుపు రాదు. కాగితంమీది స్వేచ్ఛ కడుపులో భయాన్ని పోగొట్టలేకపోయింది.

ఉక్కు కర్మాగారంలో వంద శాతం వాటా అమ్మకానికి 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. అదే సంవత్సరం కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై ఆందోళనలు, సమ్మె జరిగాయి. గమనించండి, అప్పటికి యజమాని ప్రభుత్వమే! భూములిచ్చి ఆర్‌ కార్డు పట్టుకొని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివారైన నిర్వాసితులు కూడా ప్రభుత్వ కర్మాగారం గేటు ముందే నిలబడ్డారు. కర్మాగారం ఎవరి చేతిలో ఉండాలన్నది మీరు ఓటుతో, యూనియన్‌తో తేల్చుకోవలసిన విషయం. గురువుగా నేను అడిగేది మరొకటి. గేటు బయట ఉన్న మనిషి ఎవరి లెక్కలో ఉన్నాడు?

2020 మే 7 తెల్లవారుజామున మన వెంకటాపురంలో ఎల్‌.జి. పాలిమర్స్‌ నుండి విషవాయువు వెలువడి 12 మంది చనిపోయారు. హెచ్చరించవలసిన సైరన్‌ మ్రోగలేదని ప్రభుత్వం నియమించిన సంఘమే తేల్చింది. 1986 ఏప్రిల్‌ 26న చెర్నోబిల్‌లో అణు రియాక్టరు పేలినప్పుడు సోవియట్‌ ప్రభుత్వం రెండు రోజులు నోరు విప్పలేదు. స్వీడన్‌లోని పరికరాలు పసిగట్టాకే ప్రకటన వచ్చింది. మే 1న కీవ్‌లో పిల్లలతో సహా జనాన్ని ఊరేగింపుకు నడిపించారు. రెండుచోట్లా పొరుగువాని ఊపిరి చౌకైపోయింది. ఆ పాపానికి జెండా రంగుతో పనిలేదు. తేడా ఒక్కటే. ఇక్కడ జనం అడిగారు, సంఘం వేయించారు, హరిత ట్రిబ్యునల్‌ 50 కోట్లు జమ చేయమన్నది. అక్కడ ఆనాడు అడగడమే నేరం.

శ్రీసభ ఈ రెండు శిబిరాలలో దేనికీ భజన చేయలేదు. 1891లోనే పదమూడవ లియో పోపుగారు తమ విశ్వలేఖలో ఆస్తినంతా రాజ్యం లాక్కోవడం తప్పన్నారు. కుటుంబం గడవని కూలి ఇవ్వడమూ తప్పేనన్నారు. యౌవనంలో రాతి క్వారీలో, రసాయన కర్మాగారంలో చెమటోడ్చిన రెండవ జాన్‌పాల్‌ పోపుగారు 1991లో, కమ్యూనిజం కూలిన మర్నాడే అన్నట్టు, ఇక పెట్టుబడిదారీ విధానమే దిక్కా అని తమ విశ్వలేఖలో ప్రశ్నించారు. చట్టానికి, మానవుని సంపూర్ణ స్వేచ్ఛకు లోబడిన మార్కెట్టును ఆయన మెచ్చుకొన్నారు. వాటికి లోబడని లాభాన్ని మెచ్చుకోలేదు. ఆయన స్వదేశం పోలండే అందుకు సాక్షి. విశాఖలాగే ఓడలు కట్టే గ్దాన్‌స్క్‌ నగరంలో 1980లో కార్మికులు కర్మాగారం గేటుకు పోపుగారి పటం కట్టి, సమ్మెలోనే దివ్యబలిపూజ చేసుకొని స్వేచ్ఛను సాధించుకొన్నారు. స్వేచ్ఛ వచ్చాక 1996లో ఆ ఓడల కర్మాగారమే దివాలా తీసింది.

అందుకే ఏ విధానాన్నైనా తూచడానికి ఒక చిన్న త్రాసు మీ చేతికిస్తాను. తన బిడ్డల అన్నం పోతుందన్న భయం లేకుండా ఒక పేదవాడు “ఇది అన్యాయం” అని చెప్పగలడా? చెప్పగలిగితే అక్కడ స్వేచ్ఛా ఉన్నది, అన్నమూ ఉన్నది. చెప్పలేకపోతే రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం. ఆరాధనకు మూడు రోజులు సెలవడిగిన యిస్రాయేలీయులను ఫరో సోమరులన్నాడు. గడ్డి ఇవ్వడం మానాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. దేవుడు ఎడారిలో మన్నా కురిపించినప్పుడు ఎక్కువ ఏరుకొన్నవానికి మిగలలేదు, తక్కువ ఏరుకొన్నవానికి కొరత కాలేదు. ఏడవ దినాన విశ్రాంతి కూడా దొరికింది. దేవుడు అన్నాన్నీ స్వేచ్ఛనూ ఒకే గంపలో ఇచ్చాడు. విడదీసి అమ్మినది మనుష్యులే.

ఈ త్రాసును ఢిల్లీ మీద పెట్టేముందు మన గడపమీద పెట్టుదాము. మన ఇంట పనిచేసే అమ్మాయి జ్వరంతో రాకపోతే ఆ రోజు కూలి కోస్తున్నామా? మన పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో, విచారణల్లో పనిచేసే ఆయా, కాపలాదారుడు, ఉపదేశి మనసులో మాట భయపడకుండా చెప్పగలరా? పర్మనెంటు ఉద్యోగిగా యూనియన్‌ కార్డున్న సోదరుడా, నీ పక్కన అదే పని చేసే కాంట్రాక్టు కార్మికుని కోసం నీ గొంతు లేచిందా? ద్రాక్షతోట యజమాని సాయంకాలం అయిదు గంటలకు కూడా సంతకు పోయి, ఎవరూ పిలవక నిలబడినవారిని పిలిచాడు. వారికీ ఇల్లు గడిచే కూలి ఇచ్చాడు. ముందువచ్చినవారు సణిగారు. మనం ఆ సణిగేవారిలో ఉండకూడదు.

శ్రామికుడైన పునీత జోజప్పగారు నజరేతులో తన చెమటతో దైవకుమారునికి అన్నం పెట్టారు, హేరోదుకు లొంగకుండా ఆ బిడ్డను కాపాడుకొన్నారు. ఆయన ప్రార్థనా సహాయంతో మన ఓడరేవులో, మన ఉక్కునగరంలో ఏ కార్మికుడూ అన్నం కోసం నోరు కుట్టుకోకుండునుగాక. ఆమెన్‌.